పాత కంప్యూటరు, నాలుగు భద్రతా మండలాలు

శస్త్రచికిత్సశాలను నాలుగు మండలాలుగా విభజించాలని వైద్యవిద్యార్థులకు నేర్పుతారు. బయటి నుంచి వచ్చినవారు చెప్పులు విడిచి, బట్టలు మార్చుకునే చోటు రక్షక మండలం. రోగిని సిద్ధం చేసే గది, శస్త్రచికిత్స తరువాత రోగి తేరుకునే గది, సామగ్రిని నిల్వ ఉంచే గది కలిసి శుభ్ర మండలం. శస్త్రచికిత్స జరిగే బల్ల, పరికరాల ట్రాలీ ఉండేది క్రిమిరహిత మండలం. వాడిన దూది, రక్తం అంటిన గుడ్డలు బయటికి పోయే దారి విసర్జక మండలం. ఈ విభజనలో మనిషి మంచివాడా, చెడ్డవాడా అనే విచారణ ఉండదు. ఎక్కడి నుంచి వస్తున్నాడు, ఎంతవరకు రావచ్చు అన్నదే ముఖ్యం. ఆసుపత్రి పెద్ద అధికారి అయినా సరే, వీధి చెప్పులతో ఆ గీత దాటరాదు.

1997లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4ను విడుదల చేసినప్పుడు, కంప్యూటరులోకి వచ్చే వెబ్ పేజీలకు దాదాపు ఇటువంటి ఏర్పాటునే చేసింది. వాటిని సెక్యూరిటీ జోన్లు, అంటే భద్రతా మండలాలు అన్నారు. ఆ బ్రౌజరు ఇప్పుడు విరమించినా, ఆ మండలాల అమరికలు మన ఇళ్లలోని పాత కంప్యూటర్లలో అలాగే ఉన్నాయి. పదవీ విరమణ చేసిన నా వయసువారు చాలామంది పెన్షను వివరాలు, బ్యాంకు లెక్కలు, వైద్య పరీక్షల రిపోర్టులు అటువంటి కంప్యూటర్లలోనే దాచుకుంటున్నారు. ఆరోగ్య విషయాలు చెప్పుకునే చోట కంప్యూటరు ప్రస్తావన ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చు. దాచుకున్న సొమ్ము పోతుందన్న భయంతో నిద్ర పోయి, రక్తపుపోటు పెరిగి నా దగ్గరకు వచ్చిన వారిని చూశాను కనుకనే దీనిని రాస్తున్నాను.

మండలాలు, వాటి స్థాయిలు

కంట్రోల్ ప్యానెల్‌లో 'ఇంటర్నెట్ ఆప్షన్స్' తెరిచి, 'సెక్యూరిటీ' అన్న భాగాన్ని నొక్కితే నాలుగు బొమ్మలు వరుసగా కనిపిస్తాయి.

మొదటిది 'ఇంటర్నెట్'. మనం ప్రత్యేకంగా వేరే మండలంలో చేర్చని సైట్లన్నీ దీని కిందికే వస్తాయి. ఆసుపత్రి ఓపీ ముందు నిలబడిన జనం వంటిది ఇది. అందరూ రోగులు కారు, అందరూ ఆరోగ్యవంతులూ కారు.

రెండవది 'లోకల్ ఇంట్రానెట్'. ఒకే కార్యాలయంలోని కంప్యూటర్లు తమలో తాము మాట్లాడుకోవడానికి ఏర్పరచినది. ఇంట్లో ఒక్క కంప్యూటరు ఉన్నవారికి దీనితో పెద్దగా పని లేదు.

మూడవది 'ట్రస్టెడ్ సైట్స్'. మనం నమ్మి, పేరు రాసి మరీ చేర్చిన సైట్లు ఇందులో ఉంటాయి. వీటికి ఇతర సైట్లకంటె ఎక్కువ స్వేచ్ఛ లభిస్తుంది.

నాలుగవది 'రెస్ట్రిక్టెడ్ సైట్స్'. అనుమానం ఉన్న సైట్లను ఇందులో చేర్చితే వాటి చేష్టలు చాలావరకు కట్టుబడతాయి. ఆ రోజులలో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ 6 మనకు వచ్చిన ప్రతి ఈ మెయిలునూ ఈ మండలపు నియమాలతోనే తెరిచేది. ఉత్తరం ఎవరు పంపినా ముందు అనుమానంతోనే చూడాలన్నది దాని సూత్రం.

ప్రతి మండలానికీ ఒక భద్రతా స్థాయి ఉంటుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వరకు నమ్మిన సైట్లకు సహజంగా ఉండే స్థాయి 'లో', అంటే తలుపులు దాదాపు బార్లా తెరిచినట్లే. 7వ సంచిక నుంచి దానిని 'మీడియం' చేశారు. సాధారణ ఇంటర్నెట్ మండలానికి 'మీడియం' స్థానంలో 'మీడియం హై' పెట్టారు. అనుభవం నేర్పిన పాఠం ఆ మార్పులో కనిపిస్తుంది.

స్థాయి అన్నది ఒకే తాళం కాదు. దాని వెనుక పదుల సంఖ్యలో చిన్న అనుమతులు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది 'యాక్టివ్ ఎక్స్' అన్న విభాగం. యాక్టివ్ ఎక్స్ అంటే వెబ్ పేజీ ద్వారా మన కంప్యూటరులోకి దిగి పనిచేసే చిన్న ప్రోగ్రాము. డిజిటల్ సంతకం చేయించడానికి, వేలిముద్ర యంత్రాన్ని నడపడానికి అప్పట్లో ఇది ఉపయోగపడేది. మామూలు పేజీ గాజు తలుపు వెనుక నుంచి చూపే బొమ్మ వంటిదైతే, యాక్టివ్ ఎక్స్ ఇంట్లోకి వచ్చి పనిముట్లు తీసే మనిషి వంటిది. వచ్చినవాడు సంస్థ గుర్తింపు చూపి వస్తే ఒక మాట. ఏ గుర్తింపూ లేకుండా వస్తే వేరొక మాట. అందుకే 'సంతకం లేని యాక్టివ్ ఎక్స్‌లను దించుకోవచ్చునా?' అన్న ప్రశ్నకు ఇంటర్నెట్ మండలంలో సహజమైన జవాబు 'వద్దు' అనే ఉంటుంది.

గిద్దలూరు మాస్టారి కంప్యూటరు

కొన్నేళ్ల క్రితం గిద్దలూరు నుంచి ఒక విశ్రాంత తెలుగు పండితులు రక్తపుపోటు చూపించుకోవడానికి మా ఇంటికి వచ్చారు. చిరకాల మిత్రులు. చాలా కాలంగా అదుపులో ఉన్న పోటు ఆ రోజు బాగా పెరిగి ఉంది. మందులు మానలేదు, ఉప్పు పెంచలేదు. నిద్ర పట్టడం లేదని మాత్రం చెప్పారు. కారణం అడిగితే కొంచెం తటపటాయించి, "డాక్టరు గారూ, నాకంటె ముందు మా కంప్యూటరుకు జబ్బు చేసిందండీ. వైరస్ సోకిందట. తెర మీద ఎర్రటి అక్షరాలతో ఒక నంబరు ఇచ్చి ఫోన్ చేయమంటోంది" అన్నారు.

"చేశారా మాస్టారూ?"

"చేశానండీ. అవతలి ఆయన ఇంగ్లీషులో చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏదో ప్రోగ్రాము దించుకోమన్నాడు. ఆ అక్షరాలు నా కంటికి ఆనక, రేపు మా మనవడు వచ్చాక చేస్తానని చెప్పి పెట్టేశాను. అప్పటినుంచి రోజుకు పదిసార్లు ఫోన్ చేస్తున్నాడు. మొన్న కొంచెం గద్దించాడు కూడా."

ఆయన కంటిలోని శుక్లం ఆయన పెన్షనును కాపాడింది. దూరం నుంచి మన కంప్యూటరును నడిపించే ప్రోగ్రామును ఒకసారి దించుకుంటే, బ్యాంకు పేజీ తెరిచి ఉండగానే ఖాతా ఖాళీ చేయవచ్చు. నిజమైన సంస్థ ఏదీ తెర మీద ఫోను నంబరు ఇచ్చి, వైరస్ ఉందని బెదిరించదు. ఈ మాట చెప్పి, ఆ నంబరును ఫోనులో నిరోధించి, ఆదివారం నాడు గిద్దలూరు వెళ్లి ఆ కంప్యూటరు చూశాను.

అది విండోస్ 7 కంప్యూటరు. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో భద్రతా నవీకరణలు ఆపివేసింది. ఇంటర్నెట్ ఆప్షన్స్ తెరిచి చూస్తే, ఇంటర్నెట్ మండలం దగ్గర స్థాయిని చూపే మీట లేదు. 'కస్టమ్' అన్న మాట ఉంది. అంటే ఎవరో లోపలికి వెళ్లి అనుమతులను విడివిడిగా మార్చారన్న మాట. తెరిచి చూస్తే, సంతకం లేని యాక్టివ్ ఎక్స్‌లను దించుకోవడానికి కూడా 'ఎనేబుల్' అని ఉంది. నమ్మిన సైట్ల జాబితాలో తొమ్మిది పేర్లు ఉన్నాయి. చదివి వినిపిస్తే మాస్టారు గుర్తుపట్టినవి రెండే. చేర్చే సైట్లు 'హెచ్‌టీటీపీఎస్'తో మొదలు కావాలన్న నియమం దగ్గరి టిక్కు తీసివేసి ఉంది.

ఎలా జరిగిందో ఆయనకు నెమ్మదిగా గుర్తు వచ్చింది. అయిదారేళ్ల క్రితం ఏదో దరఖాస్తు ఆన్‌లైనులో పెట్టవలసి వచ్చింది. పేజీ తెరుచుకోలేదు. నెట్ సెంటరు నుంచి ఒక కుర్రవాడు ఇంటికి వచ్చి, ఏవేవో నొక్కి తెరిపించాడు. ఆ రోజులలో అనేక సైట్లు తామే ఆ మాట రాసి పెట్టేవి: మమ్మల్ని ట్రస్టెడ్ సైట్లలో చేర్చండి, యాక్టివ్ ఎక్స్‌ను ఎనేబుల్ చేయండి అని. కుర్రవాడిని తప్పు పట్టడానికి లేదు. ఒక సైటు కోసం ఒక సైటుకే అనుమతి ఇవ్వవలసిన చోట, తొందరలో ఇంటర్నెట్ మొత్తానికి ఇచ్చాడు. దరఖాస్తు పని పావుగంటలో ముగిసింది. తలుపు మాత్రం ఆనాటి నుంచి తెరిచే ఉంది.

ఒక లక్షణాన్ని బట్టి వ్యాధిని నిర్ధారించరాదు. తెర మీది ఆ ఎర్ర హెచ్చరిక ఈ తలుపు గుండానే వచ్చిందని నేను చెప్పను. అటువంటివి మామూలు ప్రకటనల ద్వారా కూడా వస్తాయి. అయితే పుండు కనబడిన తరువాత చక్కెర పరీక్ష చేయకుండా ఎవరమూ ఊరుకోము గదా!

గడ్డం కిందికి జారిన మాస్కు

మార్కాపురం అంటే పలకలు. తెలుగునాట ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడి రాతివే. ఆ రాతిని కోసేటప్పుడు, నునుపు చేసేటప్పుడు లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనబడనంత సూక్ష్మమైన ఆ రేణువులు శ్వాసకోశాల చివరి గాలిబుడగల వరకు పోయి, అక్కడ పీచుకణజాలాన్ని పెంచుతాయి. సిలికోసిస్ అనే ఈ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. నివారణ ఒక్కటే మార్గం: నీటితో తడిపి కోయడం, దుమ్మును యంత్రంతో లాగివేయడం, తగిన మాస్కు ధరించడం.

ఆయాసంతో వచ్చిన కార్మికులను మాస్కు పెట్టుకుంటున్నారా అని అడిగితే, దాదాపు అందరూ ఉందనే చెప్పేవారు. ఆ మాట అబద్ధం కాదు. మాస్కు ఉండేది, గడ్డం కింద. పక్కవాడితో మాట్లాడడానికో, నీళ్లు తాగడానికో, ఎండ ఉక్కకు ఓర్చుకోలేకో ఒకసారి కిందికి దించిన మాస్కు మళ్లీ పైకి వెళ్లేది కాదు. దించడానికి ఒక కారణం ఎదురుగా ఉంటుంది. మళ్లీ ఎత్తడానికి ఎవరూ గుర్తు చేయరు.

మాస్టారి కంప్యూటరులో నేను చూసినది ఇదే. భద్రతా మండలాలు లేని కంప్యూటరు కాదది. ఉన్నాయి, అయితే గడ్డం కింద ఉన్నాయి. పాత కంప్యూటర్ల విషయంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది ఈ ఒక్క మాటే. ఒక పని కోసం సడలించిన రక్షణను ఆ పని ముగిసిన వెంటనే తిరిగి యథాస్థానంలో పెట్టాలి. మీరే పెట్టలేకపోతే, సడలించినవారి చేతనే, వారు వెళ్లకముందే పెట్టించాలి.

తేట నీరు, తాళం గుర్తు

సైటు చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే నమ్మవచ్చు గదా అని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్నకు మా పశ్చిమ ప్రకాశం నీళ్లే జవాబు చెబుతాయి. ఇక్కడ అనేక గ్రామాలలో బోరు నీరు అద్దంలా తేటగా ఉంటుంది. దుర్వాసన ఉండదు, రుచిలో తేడా తెలియదు. అందులో ఫ్లోరైడు మాత్రం లీటరుకు 1.5 మిల్లీగ్రాములనే హద్దును మించి ఉండవచ్చు. కాచినా అది పోదు. ఏళ్ల తరబడి తాగితే పళ్లపై గారలు, ఎముకల బిగుతు, వంగని వెన్నెముక వస్తాయి. నీటి మంచి చెడ్డలు పరీక్ష వల్ల తెలుస్తాయి, రూపం వల్ల తెలియవు.

తాళం గుర్తు చెప్పేది ఒక్కటే: మీకూ ఆ సైటుకూ మధ్య నడిచే సంభాషణను దారిలో మూడవవాడు వినలేడు. గొట్టంలో చిల్లు లేదని చెప్పడం వంటిది ఇది. గొట్టం ఏ బావి నుంచి వస్తున్నదో అది చెప్పదు. మోసగాడి సైటుకు కూడా తాళం గుర్తు సులభంగా దొరుకుతుంది. కనుక నమ్మిన సైట్ల జాబితాలో ఒక పేరు చేర్చేముందు చిరునామాను అక్షరం అక్షరం చదవాలి. ప్రభుత్వ సైట్ల పేర్లు 'గవ్ డాట్ ఇన్' లేదా 'నిక్ డాట్ ఇన్'తో ముగుస్తాయి. ఆ మాటలు పేరు మధ్యలో ఉంటే చాలదు, చివర ఉండాలి.

మండలాలు ఆపలేనివి

వైద్యంలో ప్రతి మందుకూ హద్దు చెప్పాలి. భద్రతా మండలాలను సరిచేసినంత మాత్రాన పాత కంప్యూటరు సురక్షితం కాదు. 2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వాన్నాక్రై బ్రౌజరు ద్వారా రాలేదు. విండోస్ కంప్యూటర్లు నెట్‌వర్కులో ఒకదానితో ఒకటి ఫైళ్లు పంచుకునే వ్యవస్థలోని లోపం ద్వారా పాకింది. ఆ లోపానికి మందు, అంటే నవీకరణ, అదే సంవత్సరం మార్చి 14ననే విడుదలైంది. టీకా అందుబాటులోకి వచ్చి రెండు నెలలైనా వేయించుకోని కంప్యూటర్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులలో వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. తరువాత 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద వేరొక దాడి జరిగి, కొన్ని రోజులపాటు ఓపీ చీట్లు, రిపోర్టులు చేతిరాతలో నడిచాయి.

నవీకరణలు ఆగిపోయిన కంప్యూటరు వ్యాధినిరోధకశక్తి క్షీణించిన శరీరం వంటిది. దానికి పరిశుభ్రత అవసరమే; అంతకంటె అవసరం జనసమ్మర్దానికి దూరంగా ఉంచడం. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు పైన చెప్పిన తేదీతో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ విరమణ ప్రకటించింది. మాస్టారికి కూడా అదే చెప్పాను: ఆ కంప్యూటరులో వారు రాసుకున్న పద్యాలు, ఫొటోలు, పాటలు ఉండవచ్చు. బ్యాంకు పని మాత్రం దానిలో వద్దు.

ఫైలుకు కట్టిన వేపమండ

అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టడం మన పెద్దల ఆచారం. దారినపోయేవారికి అది ఒక గుర్తు. 2004లో వచ్చిన ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ నుంచి విండోస్ కూడా ఇటువంటి గుర్తును పెడుతున్నది. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైలుకు, అది ఏ మండలం నుంచి వచ్చిందో తెలిపే ఒక చిన్న ముద్ర కంటికి కనబడకుండా అంటి ఉంటుంది. ఇంటర్నెట్ మండలానికి దాని సంఖ్య 3. నేటి విండోస్‌లోనూ ఆ ముద్ర ఉంది. ఈ మెయిలులో వచ్చిన వర్డ్ ఫైలు తెరిచినప్పుడు పైన పసుపు పట్టీ కనబడి, 'ఎనేబుల్ ఎడిటింగ్' అని అడగడం ఆ ముద్ర వల్లనే. చదవడానికి మాత్రమే అయితే ఆ మీట నొక్కనవసరం లేదు. ఎవరో తెలియనివారు పంపిన ఫైలు తానే 'పైన ఉన్న మీట నొక్కండి' అని అడుగుతున్నదంటే అది అనుమానించవలసిన ఫైలు.

క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ వంటి నేటి బ్రౌజర్లు ఈ నాలుగు బొమ్మలను చూపవు. వాటిలో ప్రతి సైటుకూ విడివిడిగా అనుమతులు ఉంటాయి: కెమెరా, మైకు, ఉన్న చోటు, నోటిఫికేషన్లు. వీటిలో పెద్దవారిని ఎక్కువగా బాధిస్తున్నది నోటిఫికేషన్. ఏదో వార్త చదువుతుండగా వచ్చే 'అలౌ' అన్న మీటను నొక్కితే, తరువాత రోజుల తరబడి తెర మూలన దొంగ హెచ్చరికలు వస్తూనే ఉంటాయి. ఫోన్లలోనూ ఇదే సూత్రం. చలానా అనో, పథకం డబ్బులు అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును తెరిస్తే, తెలియని చోటు నుంచి యాప్‌ను అనుమతించాలా అని ఫోను అడుగుతుంది. పాతికేళ్లు దాటినా అడిగే ప్రశ్న మారలేదు: ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

పాటించవలసినవి

1. పాత కంప్యూటరులో ఇంటర్నెట్ ఆప్షన్స్, సెక్యూరిటీ భాగంలో 'రీసెట్ ఆల్ జోన్స్ టు డిఫాల్ట్ లెవెల్' అనే మీటను ఒకసారి నొక్కాలి. సడలించిన స్థాయిలన్నీ తిరిగి సహజ స్థితికి వస్తాయి.

2. ట్రస్టెడ్ సైట్స్ జాబితాను తెరిచి, గుర్తుపట్టలేని పేర్లన్నిటినీ తొలగించాలి. హెచ్‌టీటీపీఎస్ నియమం దగ్గర టిక్కు పెట్టాలి.

3. ఏదైనా సైటు తెరుచుకోకపోతే ఆ ఒక్క సైటునే చేర్చాలి. ఇంటర్నెట్ మండలపు స్థాయిని తగ్గించరాదు. పని ముగియగానే ఆ పేరును తీసివేయాలి.

4. ఇతరులు వచ్చి కంప్యూటరు బాగుచేస్తే, ఏమి మార్చారో ఒక కాగితం మీద తేదీతో రాయించుకోవాలి. మందుల చీటీని దాచుకున్నట్లే దానిని దాచుకోవాలి.

5. నవీకరణలు ఆగిన కంప్యూటరులో బ్యాంకు, పెన్షను పనులు చేయరాదు. ముఖ్యమైన ఫైళ్లను వేరొక డ్రైవులోకి కాపీ చేసి, ఆ డ్రైవును కంప్యూటరు నుంచి విడదీసి ఉంచాలి.

6. తెర మీద కనబడిన నంబరుకు ఫోన్ చేయరాదు. పేజీ మూసుకోకపోతే కంప్యూటరును ఆపివేయవచ్చు, నష్టమేమీ లేదు.

7. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోన్ చేయాలి. గుండెపోటులో మొదటి గంట ఎంత విలువైనదో ఇక్కడా అంతే. సొమ్ము చేతులు మారకముందే ఆపగల అవకాశం ఆ కొద్ది సమయంలోనే ఎక్కువ.

మోసపోయినవారు సిగ్గుతో ఇంట్లో చెప్పరు. ఆలస్యానికి అదే పెద్ద కారణం. క్షయ వచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గుపడిన రోజులను చూశాను. ఆ సిగ్గు వల్ల చికిత్సకు ఆలస్యంగా వచ్చినవారినీ చూశాను. పెద్దలను మందలించకుండా విని, వారి కంప్యూటరును నెలకొకసారి తెరిచి చూసే బాధ్యతను పిల్లలు తీసుకోవాలి. మాస్టారి మనవడు ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం తాతగారి కంప్యూటరు చూస్తున్నాడు. మాస్టారి రక్తపుపోటు మునుపటి మందుతోనే అదుపులోకి వచ్చింది. కంటి శుక్లానికి శస్త్రచికిత్స కూడా చేయించుకున్నారు.